ఆకురాయి పట్టడం అపచారమా?

మా రామకుప్పం కుర్రవాడొకడు చవకరకపు ఎలక్ట్రిక్ గిటారు కొన్నాడు. గమకానికి తీగ లొంగలేదు. లావుతీగలు తీసి సన్నవి వేశాడు, మెట్ల నడుమ చెక్కను ఆకురాయితో గుంటగా అరగదీశాడు. ఇప్పుడు తీగను పక్కకు లాగితే స్వరం ఊగుతున్నది, మోహన రాగం పోల్చుకొనేటట్లు పలుకుతున్నది. అది విన్న సంగీతాభిమాని ఒకరు, "వీణ ఉండగా ఈ కరెంటు డబ్బా ఎందుకు? పైగా దాన్ని చెక్కడమా!" అని ఈసడించారు.

ఈ మాటను నేను అంగీకరింపజాలను.

వీణ మాత్రం ఆకాశం నుండి ఊడిపడినదా? ఇత్తడి మెట్లు ఇరవైనాలుగింటినీ నల్లని మైనంలో, చెవితో స్వరస్థానం చూచుకొంటూ నిలిపేది పనివాడే కదా! మైనం సడలితే మరల నిలపవలసినదే. బాలుస్వామి దీక్షితులు (1786–1858) చేపట్టిన నాటికి ఫిడేలు దొరల వాద్యం. మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) జంటతీగల మాండొలిన్ విడిచి, అయిదు ఒంటితీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. దానితోనే కర్ణాటక సంగీతం వాయించాడు, 1998లో పద్మశ్రీ అందుకొన్నాడు. అప్పుడు కరెంటు మైల కాలేదు కాబోలు!

శ్రుతి తప్పితే దండించండి, నేనూ మీతో వస్తాను. కాని పట్టుపురుగులు పెంచుకొని బ్రతికే ఇంటికి పనసచెక్క వీణ ఎవరు కొనిపెడతారు? వారానికొకసారి వచ్చి దానిని నేర్పేవారు మా మండలంలో ఎందరున్నారో, ఈసడించినవారే సెలవివ్వాలి.