పురుడు వెళ్లేలోపు ఒక్క పరీక్ష

త్వరలో పురుడు రాబోతున్న ఇళ్లవారికి, ముఖ్యంగా అమ్మమ్మలకు, నానమ్మలకు ఈ విజ్ఞప్తి. బిడ్డ పుట్టి రెండు రోజులు దాటాక, ఐదో రోజులోపు, మడమ దగ్గర నాలుగు చుక్కల రక్తం తీయించి, థైరాయిడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలిపే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి.

మెడ ముందు, శ్వాసనాళాన్ని ఆనుకుని ఉండే థైరాయిడ్ గ్రంథి పెద్దవాళ్లలోనే సుమారు 20 గ్రాములు తూగుతుంది. గుండె వేగం, ఒంటి వేడి, పేగుల కదలిక అన్నీ అది అయోడిన్‌తో తయారుచేసే హార్మోన్ల మీదే ఆధారపడతాయి. పెద్దవాళ్లకు ఆ హార్మోన్లు తగ్గితే నీరసం, ఒళ్లు రావడం, మలబద్ధకం. మందు వేసుకుంటే చాలావరకు సర్దుకుంటాయి. పసిబిడ్డ సంగతి వేరు. మొదటి మూడేళ్లలో మెదడు ఎదగాలంటే ఈ హార్మోను ఉండి తీరాలి. తొలి వారాల్లో అందకపోతే జరిగే నష్టాన్ని తర్వాత ఎన్ని మందులు వాడినా పూర్తిగా పూడ్చలేం. మన దేశంలో సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి పుట్టుకతోనే ఈ లోపం ఉంటోంది.

పుట్టగానే చూస్తే ఏమీ తెలియదు. కడుపులో ఉన్నప్పుడు తల్లి హార్మోను కొంత అందుతుంది గనుక బిడ్డ నిండుగానే ఉంటుంది. తర్వాత పాలకు ఏడవదు, లేపితేగాని లేవదు. ‘ఎంత బుద్ధిగా పడుకుంటోందో!’ అని మనమే మురిసిపోతాం. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గకపోవడం, బొంగురు ఏడుపు, ఉబ్బిన బొడ్డు, పెద్దగా కనిపించే నాలుక... ఇవన్నీ బయటపడేదాకా ఆగితే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

‘పచ్చి ఒంటి పిల్లకు సూది గుచ్చడమా?’ అని పెద్దల మనసు ఒప్పుకోదు. దూది అద్ది తల్లి రొమ్ముకు పట్టిస్తే ఆ ఏడుపు ఆగిపోతుంది. దయచేసి అడ్డు చెప్పకండి.

లోపం ఉందని తేలితే బెంబేలు పడకండి. డాక్టరు చెప్పిన మోతాదులో లీవోథైరాక్సిన్ మాత్రను ఉగ్గుగిన్నెలో మెత్తగా నలిపి, కాసిని తల్లిపాలలో కలిపి రోజూ ఒకే వేళకు పట్టాలి. ఐరన్, కాల్షియం మందులతో కలిపి ఇవ్వకూడదు. రెండు వారాలు నిండేలోపు మొదలుపెడితే చాలామంది పిల్లలు తోటివాళ్లతో సమానంగా ఎదిగి చదువుకుంటారు. మూడేళ్లు నిండాక కొందరికి మందు అవసరం లేకపోవచ్చు. అది డాక్టరే తేల్చాలి, మనంతట మనం మానేయకూడదు.

ఆశా అక్కలూ, మూడో రోజు, ఏడో రోజు బాలింతను చూడడానికి వెళ్లినప్పుడు ‘మడమ రక్తం తీశారా? రిపోర్టు వచ్చిందా?’ అని కూడా అడగండి. రక్తం ఇచ్చి రిపోర్టు తెచ్చుకోకపోతే ఇవ్వనట్టే. ఆసుపత్రిలో ఫోన్ నంబరు సరిగ్గా రాయించండి. పదకొండో రోజు పురిటి స్నానం నాటికి ఆ కాగితం ఇంట్లో ఉండాలి.