మేస్త్రితో పాటు ఇంటి జాతకం కూడా పోవలసిందేనా?

నిర్మాణరంగంలో ఈ మధ్య "బిమ్" అనే మాట తరచు వినిపిస్తోంది. బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అన్నది దాని పూర్తి పేరు. మా కోనసీమలో ఆ మాట ఎత్తితే రెండు రకాల సమాధానాలు వస్తాయి. "మెట్రో రైలుకో, విమానాశ్రయానికో అయితే సరే, అమలాపురంలో రెండంతస్తుల మేడకు ఎందుకండీ?" అని కాంట్రాక్టర్లు నవ్వుతారు. "ఇల్లు కట్టకముందే త్రీడీలో చూపించేస్తాం" అని సాఫ్ట్‌వేరు అమ్మేవారు ఊరిస్తారు. వీరిద్దరూ పొరబడుతున్నారన్నదే నా వాదన. విచిత్రమేమిటంటే ఇద్దరిదీ ఒకే పొరపాటు. ఆ పేరు మధ్యలో ఉన్న "ఇన్ఫర్మేషన్" అనే మాటను ఇద్దరూ విడిచిపెట్టారు.

కాగితం మీది ప్లానులో స్తంభమంటే నాలుగు గీతలు మాత్రమే. బిమ్ నమూనాలో ఆ స్తంభానికి తన కొలతలు, అందులోని ఊచల లెక్క, కాంక్రీటు రకం, పోసిన తేదీ అన్నీ జతపడి ఉంటాయి. ఒక కిటికీని జరిపితే ప్లానూ, ఎలివేషనూ, సామగ్రి పరిమాణాలూ వాటంతటవే మారతాయి. మురుగు గొట్టం దూలానికి అడ్డుపడుతోందన్న సంగతి తెర మీదే బయటపడుతుంది. మన దగ్గర అది శ్లాబు పడ్డాక బయటపడుతుంది. అప్పుడు సుత్తీ, ఉలీ పట్టుకుని దూలాన్నే తొలుస్తారు. ఆ తొలిచిన సంగతి ఏ కాగితం మీదికీ ఎక్కదు.

ఇది పెద్ద నగరాల అవసరమే గాని మనది కాదనేవారు కోనసీమ నేలను ఒక్కసారి తలచుకోవాలి. మనది నదీపాయల మధ్య ఒండ్రు పేరుకుని ఏర్పడిన భూమి. నాలుగడుగులు తవ్వితే నీరు పడే ఊళ్ళున్నాయి. సముద్రం వైపు పోయేకొద్దీ ఉప్పు గాలి ఇనుమును తినేస్తుంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో మళ్ళీ లంకలు మునిగాయి. 1996 నవంబరు తుఫానును ఇక్కడి వారెవరూ మరువలేరు. ఇలాంటి చోట ఒక బడి కప్పు పెచ్చులూడుతుంటే, మరమ్మతుకు వచ్చిన ఇంజనీరు మొదట అడిగేది "లోపల ఏముంది?" అనే. పునాది ఎంత లోతు, ఊచల మీద ఎంత కవరింగు, ఏ నీటితో తడిపారు? డ్రాయింగు ఉండదు. కట్టిన మేస్త్రి ఉండడు. గోడను పగలగొట్టి చూడటమొక్కటే మిగులుతుంది.

సమాచారమెంత ప్రాణప్రదమో మామిడికుదురు మండలం నగరం గ్రామాన్ని అడిగితే చెబుతుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గెయిల్ గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా మరణించారు. పొడి వాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలో తేమతో కూడిన వాయువును పంపడం వల్ల లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. బిమ్ ఉండి ఉంటే ఆ ప్రమాదం జరిగేది కాదని నేననను. తెలిసి కూడా పట్టించుకోని వారిని ఏ నమూనా మార్చలేదు. అయితే ఏ గొట్టం దేనికోసం వేశారో, ఇప్పుడందులో ఏం పోతోందో, ఆ పక్క ఇళ్ళలో ఉండేవారికి తెలుసుకునే వీలు లేకపోవడం మాత్రం క్షమించరానిది.

ఇదంతా పడమటి దేశాల నుంచి కొత్తగా దిగుమతి అయిన మోజు అనే వారికి ఒక పాత సంగతి గుర్తు చేస్తాను. 1850లలో గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 ఖానాల అక్విడక్టు కట్టారు. గోదావరి డెల్టా నిర్మాణాలన్నిటి వివరాలతో వాల్చ్ అనే ఇంజనీరు రాసిన గ్రంథం 1896లో మద్రాసులో అచ్చయింది. కట్టినదాన్ని రాసిపెట్టడం ఈ డెల్టాలో ఒకప్పుడు ఉన్న అలవాటే. పోగొట్టుకున్నది మనం.

ఇక ఖర్చు మాట. ఖరీదైన సాఫ్ట్‌వేర్లు ఉన్నమాట నిజమే. అయితే ఏ సాఫ్ట్‌వేరుతోనైనా తెరవగలిగే ఐఎఫ్‌సీ అనే బహిరంగ ఫార్మాటు ఉంది. బ్లెండర్‌తో పనిచేసే బాన్సాయి, ఫ్రీక్యాడ్ వంటి ఉచిత పరికరాలున్నాయి. పని తెలిసిన వాళ్ళు లేరనడం మరీ విడ్డూరం. మన పిల్లలు హైదరాబాదులో కూర్చుని విదేశాల ఆసుపత్రులకు రోజూ ఈ నమూనాలే చేస్తున్నారు. అక్కడెక్కడో గోడలో ఏముందో వాళ్ళకు తెలుసు, తాము చదువుకున్న బడి గోడలో ఏముందో తెలియదు!

అసలు జంకు వేరే ఉందని నా అనుమానం. నమూనా ఉంటే సిమెంటు, ఇనుము ఎంత పట్టాలో ముందే తేలిపోతుంది. కొలతల పుస్తకంలో రాసినదానికీ, శ్లాబులో పడినదానికీ తేడా ఎవరైనా అడగవచ్చు. "అదనపు పని" పేరుతో పెరిగే బిల్లుకు కారణం చూపవలసి వస్తుంది. నిజాయితీగా పనిచేసే కాంట్రాక్టరుకు ఇందులో నష్టం లేదు, పైగా రక్షణ ఉంది.

బిమ్ సర్వరోగనివారిణి కాదు. 2000-01లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం రైలు మార్గానికి పాతికేళ్ళుగా కావలసినవి నిధులు, భూమి. వాటిని ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టదు. సొంత ఇల్లు కట్టుకునే చిన్న రైతు మీద ఈ భారం మోపమనీ నేననడం లేదు. ప్రజాధనంతో మొదలుపెట్టాలి. బ్రిటన్ 2016లో తన ప్రభుత్వ పనులకు దీన్ని తప్పనిసరి చేసింది. మనదేమో 2022లో ఏర్పడిన జిల్లా. ఇక్కడ ఇకపై కట్టే ప్రతి బడి, ఆసుపత్రి, తుఫాను ఆశ్రయం, వంతెన విషయంలో ఒక్క షరతు చాలు: కట్టింది కట్టినట్టు చూపే నమూనాను బహిరంగ ఫార్మాటులో, తెలుగు పేర్లతో అప్పగించాకే చివరి బిల్లు చెల్లించాలి. ఒక ప్రతి పంచాయతీలో ఉండాలి. మరమ్మతు జరిగిన ప్రతిసారీ దాన్ని సవరించాలి.

సెంటు భూమి కొన్నా ముప్పై ఏళ్ళ లింకు దస్తావేజులు తిరగేసే జాతి మనది. పిల్లల నెత్తిన నిలిచే కప్పుకు ఒక్క కాగితం కూడా అడగకపోవడం ఇంకెన్నాళ్ళు?