చందా పుస్తకం పోయింది, లెక్క పుస్తకం పోకూడదు

మన సంఘాల పెద్దలకు ఈమధ్య ఒక కొత్త అలవాటు పట్టుకుంది. తెలుగు బడికి డబ్బు కావాలన్నా, గ్రంథాలయం కప్పు కారుతోందన్నా, ఉగాది కవి సమ్మేళనానికి హాలు అద్దె కట్టాలన్నా ఒకటే మందు. వాట్సాప్ గుంపులో ఒక క్యూఆర్ కోడ్ బొమ్మ పడేస్తారు. కింద "తెలుగు తల్లి ఋణం తీర్చుకోండి" అని ఒక వాక్యం, పక్కన నాలుగు దండాల బొమ్మలు. ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చుంటారు. పది రోజులకు మూడు వేలు రాలితే "మనవాళ్ళలో భాషాభిమానం చచ్చిపోయిందండీ" అని నిట్టూరుస్తారు.

చచ్చిపోయింది అభిమానం కాదు, అడిగే పద్ధతి. ఈ మాట కొందరికి కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను.

హోసూరు, కోలారు, బళ్ళారి, బరంపురం, షోలాపూరు, యానాం, ఎక్కడ చూసినా మనవాడిది పెట్టే చెయ్యే. జాతరకు ఇస్తాడు, గుడి గోపురానికి ఇస్తాడు, కులసంఘం కల్యాణమండపానికి ఇస్తాడు. అదే చెయ్యి తెలుగు బడి అనేసరికి ఎందుకు ముడుచుకుంటోంది? గోపురం కంటికి కనిపిస్తుంది. ఎవరెంత ఇచ్చారో పలక మీద చెక్కి ఉంటుంది. శ్రీరామనవమి పందిరి చందాల లెక్క నలుగురిలో చదివి వినిపిస్తారు. తెలుగు సంఘానికి ఇచ్చిన డబ్బు ఏమైందో మాత్రం ఇచ్చినవాడికి తెలియదు. తేడా ఇంతే.

నా అనుభవమే చెబుతాను. ఫోను ద్వారా మూడు సంఘాలకు డబ్బు పంపబోయాను. మొదటిది రసీదే ఇవ్వలేదు. రెండోది రసీదు ఇచ్చింది గాని ఏడాదిపాటు నా ఊసెత్తలేదు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ అదే బొమ్మ, అదే తల్లి ఋణం. మూడోదాని కోడ్ చూస్తే తెర మీద సంఘం పేరుకు బదులు ఒక మనిషి పేరు వచ్చింది. అడిగితే "మా కార్యదర్శిగారి ఖాతా అండీ, ఆయన నమ్మకస్తులు" అన్నారు. నమ్మకస్తుడే కావచ్చు. కాని ఆయనకేమైనా అయితే ఆ డబ్బు వారసులది అవుతుందా, సంఘానిది అవుతుందా? అడిగినందుకు నన్ను అనుమానపు మనిషిని చేశారు. ఆ రోజు నేను పంపలేదు.

కాబట్టి మొదటి పని ఫోనులో కాదు, బ్యాంకులో మొదలవుతుంది. సంఘం రిజిస్టరై ఉండాలి. దానికి సొంత పాన్ కార్డు, సొంత ఖాతా, ఆ ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి. ఆ ఖాతాకు ముడిపెట్టిన కోడ్ మాత్రమే బయటికి పోవాలి. ఇంతపాటి ఓపిక లేనివాళ్ళు జనాన్ని డబ్బు అడగకూడదు.

రెండో సంగతి, ఎంత అడగాలి. మన పెద్దల చూపెప్పుడూ లక్ష ఇచ్చే ఒక్క మహారాజు మీదే. ఆ మహారాజు పోయిన మర్నాడు బడి మూతపడుతుంది. పూర్వం మన ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేవారు, ధర్మకార్యానికని. మిజోరంలో ఆ ఆచారం ఇప్పటికీ సజీవంగా ఉంది. అక్కడి చర్చి స్త్రీలు 1910 నుంచి పూటపూటకూ ఒక గుప్పెడు బియ్యం పక్కన పెడుతున్నారు. వాటిని పోగుచేసి అమ్మి చర్చి పనులకు వాడతారు. అది కొండల్లోని చిన్న జాతి. వాళ్ళేమీ కుబేరులు కారు. వాళ్ళను నిలబెట్టింది ఒక్కరి లక్ష కాదు, ప్రతి ఇంటి గుప్పెడు.

ఆ గుప్పెడుకు ఈనాటి కుండ మన జేబులోనే ఉంది. యూపీఐ 2016లో వచ్చింది. నెలనెలా తనంతట తాను చెల్లింపు జరిగే ఆటోపే ఏర్పాటు 2020లో వచ్చింది. దాత ఒకసారి ఒప్పుకుంటే చాలు. వద్దనుకున్న రోజు తానే ఆపేసుకోవచ్చు. ఒకప్పుడు పది రూపాయలు మనియార్డరు చేస్తే దానికీ కమిషను కట్టేవాళ్ళం.

లెక్క వేద్దాం. ఆదివారం తెలుగు బడికి పంతులమ్మగారి గౌరవ వేతనం 5,000, గది అద్దె 2,000, పలకలకూ పుస్తకాలకూ 500 అనుకోండి. నెలకు 7,500. నెలకు 50 రూపాయలిచ్చే మనుషులు 150 మంది ఉంటే బడి నడుస్తుంది. మన ఏ ఊళ్ళో 150 తెలుగు ఇళ్ళు లేవు?

వికీపీడియాను చూడండి. 2001లో పుట్టింది. ప్రకటనలు వేసుకోదు. ఏటా తన పాఠకులనే అడుగుతుంది. చదివేవాళ్ళలో ఇచ్చేది కొద్దిమందే, ఇచ్చేదీ చాలావరకు చిన్న మొత్తాలే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా ఆ పంచనే బతుకుతోంది.

"అంత ఓపిక ఎవరికుందండీ, ఏదైనా వైరల్ చేద్దాం" అంటారు మన కుర్రాళ్ళు. 2014లో అమెరికాలో నెత్తిన మంచునీళ్ళు కుమ్మరించుకునే ఆట లోకమంతా పాకింది. ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు కోసం పనిచేసే సంస్థకు సుమారు పదకొండున్నర కోట్ల డాలర్లు వచ్చిపడ్డాయి. మరుసటి ఏడు అదే ఆట మళ్ళీ పెడితే అందులో ఏ మూలకూ రాలేదు. గాలివాన ఒకసారి చెరువు నింపవచ్చు. పంట పండించేది కాలువ.

ఇంకొందరికి అమెరికా పిచ్చి. "అక్కడ మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఒక్క మెసేజి పెడితే చాలు." అయ్యా, విదేశీ విరాళాల చట్టం ఒకటుంది, 2010 నాటిది. దాని కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేకుండా విదేశీ విరాళం తీసుకోవటం నేరం. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. భారత పాస్‌పోర్టు ఉన్న మనవాడు తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనవాడు అమెరికా పౌరసత్వం పుచ్చుకుని ఉంటే, ఎంత తెలుగువాడైనా, చట్టం దృష్టిలో విదేశీయుడే. ఈ తేడా తెలియకుండా కోడ్‌ను అట్లాంటా దాకా పంపే కార్యదర్శి సంఘాన్ని చిక్కుల్లోకి నెడుతున్నాడు.

పన్ను మినహాయింపు ఎర కూడా వెనకటిలా పనిచేయదు. 80జి అని మనం పిలుచుకునే మినహాయింపు 2,000 దాటిన నగదుకు వర్తించదు. 2023-24 నుంచి మామూలుగా అమలయ్యే కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు అది లేనే లేదు. సంస్థకు అనుమతి ఉంటే దాతల వివరాలు ఏటా పన్ను శాఖకు పంపి ధ్రువపత్రం ఇవ్వాలి. ఇవ్వగలిగితే మంచిదే. కాని యాభై రూపాయలిచ్చేవాడు పన్ను కోసం ఇవ్వడు. తన మనవరాలు "అ" దిద్దితే చూడాలని ఇస్తాడు.

అందుకే అడిగే మాట మారాలి. "తెలుగు చచ్చిపోతోంది, కాపాడండి" అన్నది శోకం. చావుబతుకుల్లో ఉన్నదానికి జనం జాలిపడతారు గాని పెట్టుబడి పెట్టరు. "ఈ జూన్ నుంచి మార్చి దాకా ముప్ఫైమంది పిల్లలు, ఒక పంతులమ్మ, నెలకు 7,500, గడువు ఈ నెలాఖరు" అన్నది మాట. ఎంత కావాలో, ఎందుకో, ఎప్పటికో చెప్పనివాడు అడిగినట్టు కాదు.

కోడ్ బయటపెట్టకముందే ఇరవైమందికి ఫోను చేసి పేరు పెట్టి పిలిచి అడగండి. హారతి పళ్ళెంలో పూజారి ముందే నాలుగు నాణాలు వేసుకుని వస్తాడు, చూడలేదా? ఖాళీ పళ్ళెంలో మొదటి రూపాయి వేయటానికి ఎవరైనా జంకుతారు.

ఇక్కడ మనకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. భివండీలో, షోలాపూరులో మూడో తరం పిల్లవాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదివేది మరాఠీ. హోసూరు వైపు చాలామంది పిల్లలకు వచ్చింది తమిళ లిపి. సంఘం పంపే గ్రాంథికపు విజ్ఞప్తి వాళ్ళ కంటికి ముగ్గులా కనిపిస్తుంది. సంపాదించేదేమో వాళ్ళే! వాళ్ళకు మన ఊరి యాసలో నిమిషం మాట రికార్డు చేసి పంపండి. కింద వాళ్ళు చదివే లిపిలోనే రెండు ముక్కలు రాయండి. దీన్ని భాషాద్రోహం అనే పండితులకు నాది ఒకటే ప్రశ్న: చదవలేనివాడికి చదవటం నేర్పే బడి కోసం అడుగుతూ, ముందు చదవగలిగితేనే అడుగుతామనటం ఏం న్యాయం?

"మేం సాహిత్యసేవ చేసేవాళ్ళం, ఈ వసూళ్ళ వ్యాపారం మాకెందుకు" అనేవాళ్ళూ ఉన్నారు. పంతులమ్మకు నాలుగు నెలల జీతం బాకీ పెట్టి చేసేది సేవ కాదు. ఆవిడ సేవ చేస్తోంది, మీరు పుణ్యం కట్టుకుంటున్నారు.

చివరిగా, అన్నిటికంటే ముఖ్యమైనది. డబ్బు అందిన రోజే రసీదు, దాత పేరుతో. నెల తిరిగేసరికి వచ్చినదెంత, పోయినదెంత, మిగిలినదెంత, మూడు అంకెలు అదే గుంపులో. పనులు ఆగిపోతే ఆగిపోయాయని కూడా చెప్పండి. దాచినదానికే జనం కోప్పడతారు. పిల్లలు రాసిన పలక ఫోటో ఒకటి, తల్లిదండ్రులను అడిగి, పంపండి. ఏడాదికోసారి ఆడిటరు సంతకంతో పూర్తి లెక్క పెట్టండి. మళ్ళీ అడిగే హక్కు ఆ లెక్కతోనే వస్తుంది.

మన పక్కన ఏ రాష్ట్ర ప్రభుత్వమూ నిలబడి లేదు. ఇక్కడి ప్రభుత్వానికి మనం అల్పసంఖ్యాకులం, అక్కడి ప్రభుత్వానికి పొరుగూరివాళ్ళం. మనకు మిగిలింది మన నూటయాభై ఇళ్ళు. ఆ ఇళ్ళకు మన బాకీ ముందుగా ఒక లెక్క. పోయిన ఏడు వసూలు చేసినదాని లెక్క చెప్పని సంఘం ఏదైనా సరే, ఈ ఏడు కోడ్ పంపకముందు ఆ కాగితం పంపమనండి. అది వచ్చిన రోజు యాభై రూపాయలు పంపండి. నేనూ పంపుతాను.