గిటారు మోత గోడ దాటకుండా

పిల్లలు ఎలక్ట్రిక్ గిటారు అడిగితే మనకు ముందు గుర్తొచ్చేది పక్క ఫ్లాటు వాళ్లే. ఆ భయంతో వద్దనకండి. పెద్ద ఆంప్లిఫయర్ చేసే పని ఇప్పుడు కంప్యూటర్లో సాఫ్ట్‌వేరే చేస్తోంది. మోతంతా హెడ్‌ఫోన్లలోనే.

కాకపోతే నాలుగు రోజులకే “శబ్దం బాలేదు, ఇంకో సాఫ్ట్‌వేర్ కొనమ్మా” అని మొదలెడతారు. నేనైతే కొననంటాను. న్యూరల్ ఆంప్ మోడలర్ లాంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. మా అమ్మాయి పక్కన కూర్చుని గంటలు గంటలు విన్నాను కనుక చెబుతున్నా, అసలు తేడా స్పీకరు దగ్గరుంది. నిజం గిటారు స్పీకరు దాదాపు 5,000 హెర్ట్జ్ దాటిన కీచుదనాన్ని చాలావరకు మింగేస్తుంది. సాఫ్ట్‌వేర్లో ఆ స్పీకరు నమూనా (ఐఆర్ అంటారు) పెట్టకపోతే రేకుడబ్బాలో తుమ్మెద దూరినట్టే!

గరగర పెంచే ‘గెయిన్’ కూడా పోపులో ఇంగువలాంటిదే. సగానికి తగ్గించి చూడమనండి, ఒక్కో తీగ విడిగా పలుకుతుంది. నిండుదనం కావాలంటే అదే ముక్కను రెండోసారి వాయించి, ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి పెట్టుకోవాలి. అందుకు సాధన కావాలి, అందుకే పిల్లలకు నచ్చదు.

డబ్బు పెడితే మంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కి పెట్టండి. అందులో ‘ఇన్‌స్ట్రుమెంట్’ బటన్ నొక్కకుండా వాయిస్తే గిటారు మొద్దుగా మోగుతుంది. ఇవన్నీ చేశాక కూడా బాలేదంటే, తీగలు మార్చి ఎన్నాళ్లయిందో అడగండి.