“మీరేమిట్లండీ?” అని అడిగే ఆన్‌లైన్ బజారు

గుంటూరు జిల్లాలో మామిడికాయ, గోంగూర పచ్చళ్లు పెట్టి వెబ్‌సైట్ ద్వారా అమ్మే ఒక దళిత మహిళతో నా పరిశోధన కోసం ఈ మధ్య మాట్లాడాను. పేరు రాయొద్దన్నారు. ఫొటోలు చూసి సైట్‌కి చాలామందే వస్తారట. కొందరు డబ్బు కట్టేముందు వాట్సాప్‌లో పలకరిస్తారు. ఏ నూనె వాడతారు, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది అని అడుగుతారు. తర్వాత అసలు ప్రశ్న వస్తుంది: “మీరేమిట్లండీ?”

“చెప్తే ఆర్డర్ పోద్ది. చెప్పకపోయినా పోద్ది” అన్నారావిడ.

సైట్ చూసి వెళ్లిపోయేవాళ్లను కొనేవాళ్లుగా ఎలా మార్చాలి? ఆన్‌లైన్ వ్యాపార పాఠాలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. అవి చెప్పే జవాబు నమ్మకం. మీ ముఖం చూపించండి, మీ వంటగది వీడియో పెట్టండి, మీ అమ్మమ్మ కథ చెప్పండి అంటారు. వినడానికి అందరికీ పనికొచ్చే సలహాలే. కానీ ఈ దేశంలో వంటగది అందరికీ ఒకటే కాదు. అగ్రకుల కుటుంబానికి ఇంటి కథ పెట్టుబడి. దళిత కుటుంబానికి అదే కథ నష్టం.

మన చుట్టూ ఉన్న బోర్డులు చూడండి. బ్రాహ్మణ భోజన హోటల్, అయ్యంగార్ బేకరీ, రెడ్డి మెస్, రాజుగారి పలావు. ఆన్‌లైన్ పచ్చళ్ల పేర్లలోనూ ఇదే వరస. అక్కడ కులం పేరు రుచికీ, శుభ్రతకీ హామీపత్రంలా పనిచేస్తోంది. నిజానికి ఆహారం అమ్మే ప్రతివారూ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదై, 14 అంకెల నంబరు తీసుకోవాలి. చట్టం గుర్తించే హామీ అది. “మీరేమిట్లు” అని అడిగినవారు ఆ నంబరు అడగలేదు.

ఇది ఇంటర్నెట్ తెచ్చిన జబ్బు కాదు. గ్రామీణ భారతంలో అంటరానితనంపై 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో జరిపిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. పాల సహకార సంఘాలకు దళితులను పాలు పోయనివ్వని పరిస్థితి దాదాపు సగం గ్రామాల్లో కనిపించిందని ఆ అధ్యయనం చెప్పింది. 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో దళిత మహిళ వండిన మధ్యాహ్న భోజనం తినబోమని అగ్రకుల విద్యార్థులు నిరాకరించారు. పోయింది ఆమె ఉద్యోగమే. గొడవ పెద్దదయ్యాక తిరిగి తీసుకున్నారు.

మరి పేరు దాచాలా, చెప్పాలా? చంద్రభాన్ ప్రసాద్ 2016లో చెప్పే దారి ఎంచుకున్నారు. పచ్చళ్లు, మసాలా పొడులు ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థకు ‘దళిత్ ఫుడ్స్’ అని పేరు పెట్టారు. దళితులు చేసింది మీరు తింటారా అని సమాజాన్ని సూటిగా అడగడం అది. గౌరవించాల్సిన సాహసం. అయితే నెలవారీ వాయిదా కట్టాల్సిన ఒంటరి మహిళను ఆ సాహసం చెయ్యమనే హక్కు మనకు లేదు. ఆవిడ మౌనం పిరికితనం కాదు, బతుకుతెరువు లెక్క.

చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది? 2015 సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆర్థిక బహిష్కరణను నేరంగా చేర్చింది. ఊరంతా కట్టుబాటు పెడితే కేసు పెట్టవచ్చు. కానీ ఒక్కొక్కరూ విడివిడిగా ఫోన్‌లో పేజీ మూసేస్తే కేసు ఎవరి మీద పెట్టాలి? సాక్షులు ఉండరు, కారణం రాసి ఉండదు. అమ్మకం జరగలేదన్న సంగతి ఒక్కటే మిగులుతుంది.

అందుకే కులం అడగడానికి వీల్లేని కొనుగోలుదారు కావాలి. ఆ పని చెయ్యగలిగింది ప్రభుత్వం. కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచి కొనాలని 2012 నాటి విధానం చెబుతోంది. ఆ లక్ష్యం దరిదాపుల్లోకి రాని సంవత్సరాలే ఎక్కువ. దాన్ని నిలదీయాలి. సంక్షేమ హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు కొనే సరుకుల్లోనూ అలాంటి వాటా కావాలని రెండు తెలుగు రాష్ట్రాలను అడగాలి. పథకాల కింద యూనిట్ పెట్టించి ఫొటో దిగితే సరిపోదు. ఆ యూనిట్‌లో తయారైన సరుకు ఎవరు కొంటారో కూడా పథకంలోనే ఉండాలి.

రెండో బాధ్యత మనది. సభలు పెడతాం, భోజనాలు ఏర్పాటు చేస్తాం, జయంతులు జరుపుతాం. ఆ ఖర్చులో ఎంత మనవాళ్ల చేతికి వెళుతోందో ఒకసారి లెక్క చూసుకుందాం. జాలితో ఒకసారి కొనడం కాదు, బాగుంటే మళ్లీ కొనాలి, బాగోకపోతే ఆ మాట చెప్పాలి. మామూలు కొనుగోలుదారు చేసేది అదే.

మాట్లాడటం అయ్యాక నేనూ ఒక కిలో గోంగూర పచ్చడి ఆర్డర్ పెట్టాను. ఆవిడ నన్ను అడిగింది అడ్రసు, పిన్‌కోడ్ మాత్రమే.