మీటరు చూపరు, పొదుపు చేయుమందురు!

సోదర రైల్వే, తపాలా ఉద్యోగులారా!

మన బండ్లు నడచు పట్టాలలో అధిక భాగము పుట్టినది భిలాయిలో. 1959లో అచ్చట వెలిగిన మొదటి బ్లాస్టు ఫర్నేసును గూర్చి అందరును వ్రాసిరి. ఆ ఊరి హోటళ్ళలో పక్కలు సర్దువారిని, ఎంగిలి పళ్ళెములు తీయువారిని గూర్చి వ్రాసినవారు అరుదు. ఇపుడు హోటలు కార్మికుల ప్రసక్తి వచ్చినది, అదియు నిందగానే: విద్యుత్తు పొదుపుపై సిబ్బందికి శ్రద్ధ లేదట!

డిసెంబరు 14, జాతీయ ఇంధన పొదుపు దినము రాగానే స్విచ్చి ప్రక్కన ఒక చీటీ, ఒక గంట ఉపన్యాసము. ఏ.సి.ని ఒక్క డిగ్రీ పెంచినచో సుమారు 6 శాతము విద్యుత్తు ఆదా యగునని 2018లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ చెప్పినది. మంచి మాటయే. కాని అతిథి అడుగు పెట్టకమునుపే గది చల్లబడి యుండవలెనని ఆజ్ఞాపించునది ఎవరు? అతిథి కసరినచో మాట పడునది రూము బాయి. బిల్లు తగ్గినచో లాభము యజమానిది. పైగా అతడు కంట్రాక్టు మనిషి, వచ్చు నెల ఉద్యోగముండునో ఊడునో తెలియదు. ఇట్టివానికి శ్రద్ధ ఎచ్చటనుండి పుట్టును?

మన లోకో పైలట్లను చూడుడు. త్రీ ఫేజు ఇంజనులో ఎంత విద్యుత్తు వాడినది, బ్రేకు వేసినపుడు ఎంత తిరిగి తీగకు చేరినది వారి కళ్ళయెదుటనే కనబడును. వారి నేర్పునకు లెక్క కలదు. హోటలు కార్మికునకు మీటరు గది తలుపైనను తెరువరు.

1957లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయగా, ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహముతో ఉద్యోగులే సహకార సంఘములు స్థాపించి ఇండియన్ కాఫీ హౌసులను నిలబెట్టిరి. జబల్‌పూరు సంఘము వాటిని మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో నడుపుచున్నది. భిలాయిలోను కాఫీ హౌసు కలదు. అచ్చట దీపము వృథాగా వెలిగినచో ఆ నష్టము సభ్యులదే. అంతమాత్రమున ప్రతి సర్వరును స్విచ్చి ఆర్పునని మేము హామీ ఈయము, మనుష్యులు మనుష్యులే. కాని లెక్క అడుగు హక్కు వారికున్నది.

మా కోర్కెలు గొంతెమ్మ కోర్కెలు కావు. నెలనెలా బిల్లును సిబ్బంది గదిలో అంటింపుడు. ఆదాలో వాటాను బహుమానముగా గాక వేతన ఒప్పందములో వ్రాయుడు. పొదుపు పేరిట వంటగది ఫ్యానును మొదట ఆర్పు దురాచారము మానుడు.

భిలాయి, దుర్గ్ శాఖల సోదరులారా! మహాసభలకు హోటలు గదులు తీసుకొనునపుడు కౌంటరు వద్ద ఈ మూడును అడుగుడు. వచ్చిన సమాధానములను కార్యాలయమునకు వ్రాసి పంపుడు.