మూడు సెలవులు... ఒక్క ఆదివారం

గురువారం రాత్రి తొమ్మిదిన్నర. షార్జాలోని అల్‌ నహ్‌దా ప్రాంతంలో ఓ రెండు పడగ్గదుల ఫ్లాటు. నలుగురూ భోజనాలకు కూర్చున్నారు. కూర ఏదైనా సరే, గురువారం రాత్రి ఆ ఇంట్లో నడిచే చర్చ మాత్రం ఒక్కటే... 'ఈ వారం ఎక్కడికెళ్దాం?'

అయిదో తరగతి చదివే పిల్లాడికి మాల్‌కి వెళ్లాలని ఉంది. అమ్మకి బర్‌దుబాయ్‌ మీనాబజార్‌లో చీరకి ఫాల్‌ కుట్టించే పని ఉంది. నాన్నని అడిగితే 'పడుకుందాం' అంటాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. వారమంతా ఆయన నిద్ర లేచేది తెల్లవారుజామున అయిదింటికి.

ఎందుకంటారా? ఉండేది షార్జాలో, ఉద్యోగం దుబాయ్‌లో. అద్దెలు ఇక్కడ కాస్త తక్కువని ఇల్లు ఈ వైపు తీసుకున్నారు. మధ్యలో టోల్‌ గేటు. పొద్దున ఆరు నుంచి పదిలోపు దాటితే 6 దిర్హమ్‌లు పోతాయి. రాత్రి ఒంటిగంట నుంచి ఆరు కొట్టేలోపు దాటితే ఒక్క పైసా కట్టక్కర్లేదు. అందుకే ఆయన అయిదున్నరకల్లా కారు తీస్తాడు. ఆఫీసు దగ్గర కారు నిలిపి, సీటు వెనక్కి వాల్చి, ఎనిమిదింటి దాకా అందులోనే నిద్రపోతాడు. ఆరు దిర్హమ్‌లంటే ఇప్పుడు 140 రూపాయల పైమాటే. నెలకి లెక్కేస్తే చిన్నాడి స్కూలు బస్సు ఖర్చులో కొంత వస్తుంది. సాయంత్రం మాత్రం ట్రాఫిక్‌ని తప్పించుకునే ఉపాయం లేదు. ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది. అంటే పిల్లలు పొద్దున లేచేసరికి నాన్న ఉండడు. రాత్రి నాన్న వచ్చేసరికి వాళ్లు హోంవర్కులో ఉంటారు.

మరి సెలవులన్నా కలుస్తాయా అంటే, అదో చిక్కు. ఇంట్లో నలుగురికీ కలిపి మూడు రకాల సెలవులు! షార్జా బడులకు శుక్ర, శని, ఆదివారాలు మూడ్రోజులు సెలవు. రోలా దగ్గర ఓ ఆఫీసులో లెక్కలు రాసే అమ్మకి శని, ఆదివారాలు. నాన్న కంపెనీ మాత్రం వారానికి ఆరు రోజులు పనిచేస్తుంది. ఈ మూడూ కలిసేది ఒక్క ఆదివారమే.

ఆయన 2004లో జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చినప్పుడు ఆదివారమంటే మామూలు పనిదినం. అప్పట్లో అక్కడి ప్రభుత్వ ఆఫీసులకి గురు, శుక్రవారాలు సెలవు. 2006 సెప్టెంబరులో అది శుక్ర, శనివారాలకి మారింది. 2022 జనవరి నుంచి శుక్రవారం ఒంటిపూట పని, శని ఆదివారాలు సెలవు అయ్యాయి. షార్జా ఇంకో అడుగు ముందుకేసి శుక్రవారం కూడా పూర్తిగా సెలవిచ్చేసింది. ఆయనకి మాత్రం ఎప్పుడూ వారానికి ఒక్క రోజే. ఆ రోజు శుక్రవారం నుంచి ఆదివారానికి మారిందంతే.

ఆ మార్పుతో ఒక మేలు జరిగింది. అప్పట్లో శుక్రవారం పొద్దున ఫోన్‌ కార్డు గీకి ఇంటికి చేస్తే అమ్మ నాట్లలోనో, కలుపులోనో ఉండేది. అక్క ఆఫీసులో ఉండేది. ఇప్పుడు ఆదివారం ఇక్కడా సెలవే, అక్కడా సెలవే. అందరూ ఇంట్లోనే దొరుకుతారు.

'అక్కా, నువ్వు చెప్పు' అన్నాడు చిన్నాడు, ఓటు తనవైపు పడుతుందన్న ఆశతో.

పెద్దమ్మాయి పన్నెండో తరగతి. 2008లో ఈ షార్జాలోనే పుట్టింది. ఆమె లేచి వెళ్లి ఫ్రిజ్‌ తలుపు మీద ఒక కాగితం అతికించింది. అల్‌ మంజర్‌ బీచ్‌, ఒక దిర్హమ్‌ అబ్రా, జెబెల్‌ జైస్‌, హత్తా, ఖోర్‌ ఫక్కాన్‌... వరుసగా పది పేర్లు.

'ఇవన్నీ చూసినవే కదే' అంది అమ్మ.

'అందుకే' అంది పిల్ల. 'పరీక్షల్లోపు మిగిలింది పన్నెండు ఆదివారాలు. అన్నీ ఒక్కోసారి చూసేయాలి.'

కంచాల చప్పుడు కాసేపు ఆగింది. వచ్చే ఏడాది ఈ పిల్ల ఇంట్లో ఉండదన్న సంగతి అందరికీ తెలుసు. పైకి అనడం మాత్రం అదే మొదటిసారి.

ఆమెకి డాక్టర్‌ కావాలని ఉంది. నీట్‌ ఇక్కడే రాయొచ్చు. చిక్కల్లా తర్వాతే. పుట్టింది ఇక్కడైనా ఈ దేశం ఆమెది కాదు. పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. నాన్న ఉద్యోగం మీదే ఇంటిల్లిపాదికీ వీసా. సరే, సొంత రాష్ట్రముంది కదా అనుకుంటే... ఎంబీబీఎస్‌, బీడీఎస్‌ సీట్లలో స్థానిక కోటా కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్‌ దాకా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిబంధన పెట్టింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. అక్కడే ఉండి చదువుకునే పిల్లల వైపు నుంచి చూస్తే అది న్యాయమే. కానీ ఈ పిల్ల వైపు నుంచి చూస్తే? షార్జాలో విదేశీయురాలు. జగిత్యాలలో నాన్‌లోకల్‌!

2025 నవంబరు. ఎండలు తగ్గి, బయట కూర్చోగలిగే రోజులు మొదలయ్యాయి. వేసవిలో ఇక్కడ బయటికెళ్లడమంటే మాల్‌కి వెళ్లడమే. జూన్‌ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ఎండలో పనిచేసే కూలీలకి కూడా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు పని ఆపాలని చట్టమే చెబుతుంది. అందుకే ఈ నాలుగైదు నెలల ఆదివారాలకి అంత గిరాకీ.

ఆ ఆదివారం వంతు ఖోర్‌ ఫక్కాన్‌ది. అమ్మ తెల్లవారకముందే లేచి పులిహోర కలిపింది. కోడి వేపుడు, పెరుగన్నం, చాప, ఫ్లాస్కు... ఎనిమిదింటికల్లా కారు కదిలింది.

షార్జా నుంచి ఖోర్‌ ఫక్కాన్‌కి 2019లో కొత్త రోడ్డు వేశారు. 89 కిలోమీటర్లు. కొండల్ని తొలిచి అయిదు సొరంగాలు. చిన్నాడు ఒక్కో సొరంగం రాగానే గట్టిగా లెక్కపెడతాడు. వాడికి ఈ దారి ఒక్కటే తెలుసు. అక్కకి పాత దారి గుర్తుంది. అప్పుడు మసాఫీ మీదుగా చుట్టుతిరిగి వెళ్లేవారు. అక్కడ రోడ్డు పక్కన పళ్లు, తివాచీలు అమ్మే బజారుంది. పేరు ఫ్రైడే మార్కెట్‌. తెరిచి ఉండేది మాత్రం వారమంతా!

'మీ అమ్మ కొన్న మొదటి తివాచీ అక్కడిదే' అన్నాడు నాన్న.

'కొన్నానా? గంట బేరమాడితే మీరు సిగ్గుపడి కారులో కూర్చున్నరు' అంది అమ్మ. వెనక సీట్లో నవ్వులు.

కొండలు దాటగానే ఒక్కసారిగా నీలం రంగు సముద్రం. షార్జా ఎమిరేట్‌లోదే ఈ ఊరు. కానీ తీరం ఒమన్‌ సింధుశాఖది. చాప పరిచారు. పక్కన ఓ మలయాళీ కుటుంబం, అటుపక్క కరాచీ వాళ్లు. అరగంట గడిచేసరికి పులిహోర అటు వెళ్లింది, బిర్యానీ ఇటొచ్చింది. పులిహోరకి ఉర్దూలో ఏమంటారని ఆ పెద్దావిడ అడిగితే చిన్నాడు తడుముకోకుండా 'ఖట్టా చావల్‌' అనేశాడు.

భోజనాలయ్యాక ఊరికి వీడియో కాల్‌. వాట్సాప్‌లో ఇక్కడి నుంచి కాల్స్‌ కలవవు. బోటిమ్‌లో చేయాలి. తెరమీద నాయనమ్మ మొహం సగమే కనిపిస్తోంది.

'ఏడున్నరు బిడ్డా? తిన్నరా?'

'తిన్నం నాయనమ్మా. సముద్రం దగ్గరున్నం.'

'మంచిగున్నది. ఇగ వచ్చే ఏడు నువ్వు మనూరికే వస్తవు గదా! నీ అర్ర సున్నమేపిచ్చిన.'

పిల్ల నవ్వి తలూపింది. ఫోన్‌ పెట్టేశాక చాలాసేపు నీళ్లవైపే చూస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది.

'డాడీ, అప్లికేషన్లో నేటివ్‌ ప్లేస్‌ అని ఉంటది. ఏం రాయాలె?'

'జగిత్యాల అని రాయి బిడ్డా. మనది అదే కదా.'

'అక్కడ నేను మొత్తం కలిపి ఏడాది కూడా లేను. ఎప్పుడొచ్చినా 'మళ్లీ ఎప్పుడు పోతవ్‌' అని అడుగుతరు. ఇక్కడ కూడా అదే అడుగుతరు.'

ఆయన దగ్గర జవాబు లేదు. గది మారినప్పుడల్లా, ఉద్యోగం మారినప్పుడల్లా 'ఎప్పటికైనా పోయేటోళ్లమే' అని ఇంట్లో అంటూ వచ్చింది ఆయనే. సోఫా కొనాలన్నా అదే మాట. గోడకి మేకు కొట్టాలన్నా అదే మాట. ఆ మాట ఆయనకి ధైర్యం. ఈ పిల్లకి అదే మాట ఏమైందో ఇన్నేళ్లూ ఆలోచించలేదు.

కాసేపాగి అన్నాడు. 'నేనొచ్చిన కొత్తల ఒక గదిల ఎనిమిది మందిమి. శుక్రవారమొస్తే బట్టలు పిండుకునుడు, వండుకునుడు, పండుడు. మూడేండ్లు సముద్రం పక్కనే ఉండి ఒక్కసారి చూడలే. మీ అమ్మ వచ్చినంకనే చూసిన. నువ్వు పుట్టినంకనే ఈ కొండలు చూసిన. ఊరు నాకు మా నాయిన చూపెట్టిండు. ఇదంతా నువ్వు చూపెట్టినవ్‌.'

అమ్మ ఏమీ అనలేదు. ఫ్లాస్కులోంచి చాయ్‌ వంచి, మొదటి కప్పు కూతురికే ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో అల్‌ రఫీసా డ్యామ్‌ దగ్గర ఆగారు. చిన్నాడు పడవెక్కుతానని మారాం చేశాడు. ఎక్కించారు. షార్జా పొలిమేరకి వచ్చేసరికి ఎప్పటిలాగే బండ్లు బారులు తీరాయి. ఇల్లు చేరాక ఎవరి పని వాళ్లది. అమ్మ యూనిఫాంలు ఇస్త్రీ చేసింది. చిన్నాడు బూట్లలో ఇసుక దులిపాడు. నాన్న అయిదింటికి అలారం పెట్టుకున్నాడు.

పిల్ల ఫ్రిజ్‌ దగ్గరికెళ్లి ఖోర్‌ ఫక్కాన్‌ పేరు మీద గీత కొట్టింది.

పొద్దున ఆమె లేచేసరికి నాన్న వెళ్లిపోయాడు. కొట్టేసిన పేరు పక్కన ఆయన రాత... 'సెలవులకి వచ్చినప్పుడు మళ్లీ'. ఆ పక్కనే గోడకి కొత్తగా కొట్టిన మేకు. దానికి, నాలుగేళ్లుగా అల్మారాలో పడి ఉన్న నలుగురి ఫొటో వేలాడుతోంది.

పరాయి దేశంలో కాపురం చేసేవాళ్లకి సొంతూరంటే రెండు ముక్కలు. ఒకటి సర్టిఫికెట్లలో ఉంటుంది. ఇంకోటి ఇలా, ఆదివారం ఆదివారం కాస్త కాస్తగా పోగుపడుతుంది. దరఖాస్తుల్లో దానికి గడి లేదు. అయినా అదీ ఊరే.